ఫలితం రాలేదు, కాంట్రాక్ట్ అయిపోతోంది: ఒక పోస్ట్‌డాక్ ఉత్తరం

ప్రశ్న: ఒక యూనివర్సిటీ సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్ళ కాంట్రాక్ట్‌తో చేసే రీసెర్చ్ ఉద్యోగం) చేరి 19 నెలలైంది. ఇంకో 11 నెలల్లో కాంట్రాక్ట్ అయిపోతుంది. పక్కన ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే మనుషులకి పదాల జాబితా తక్కువగా గుర్తుంటుందని మా ప్రొఫెసర్ గారు కొన్నేళ్ళ క్రితం ఒక పేపర్ వేశారు. అందులో రెండు గుంపులు, గుంపుకి 24 మంది. నాకు జీతం వచ్చే గ్రాంట్ ఆ పేపర్ చూపించి తెచ్చుకున్నదే. దాని మీద కొత్త ప్రయోగాలు మొదలుపెట్టే ముందు పాత ఫలితం మళ్ళీ వస్తుందో లేదో చూద్దామని గుంపుకి 90 మందితో చేశాను. రెండు గుంపుల మధ్య తేడా దాదాపు సున్నా. ఆయనకి చూపిస్తే "శ్రద్ధ పెట్టనివాళ్ళని తీసేసి చూడు, ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ విడదీసి చూడు" అన్నారు. అలా చూస్తే ఆడవాళ్ళలో మాత్రం పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) 0.03 వచ్చింది. ఇప్పుడు దాన్నే పేపర్‌గా రాయమంటున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, నాకు ఎంతో సాయం చేశారు. కానీ రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. ఇక్కడికొచ్చాక నా పేరుతో ఒక్క పేపరూ రాలేదు, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. నాకు రీసెర్చ్ చేతకాదేమో. రాయాలా, వద్దనాలా, మానేసి వెళ్ళిపోవాలా?

సమాధానం:

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. కానీ వాటికి ముందు ఒక చిన్న వాక్యం రాసి వదిలేశారు, "నాకు రీసెర్చ్ చేతకాదేమో" అని. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. 180 మందిని ఒక్కొక్కళ్ళుగా పిలిపించి, వస్తామని చెప్పి రానివాళ్ళ కోసం ఖాళీ గదిలో ఎదురుచూసి, వచ్చినవాళ్ళకి ఒకే మాటలు ఒకే గొంతుతో 180 సార్లు చెప్పి, అన్నీ అయ్యాక అనుకున్నది రాకపోతే దాచుకోకుండా తీసుకెళ్ళి ప్రొఫెసర్ ముందు పెట్టారు. పైగా మిమ్మల్ని ఎవరూ అడగకుండానే పాత ఫలితం నిలబడుతుందో లేదో ముందు చూడాలన్న ఆలోచన మీకే వచ్చింది. రీసెర్చ్ చేయగలగడం అంటే ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. చెయ్యి కదలకపోవడం కూడా అందులో భాగమే.

ఇప్పుడు లెక్క చూద్దాం, మీ భయంలో సగం లెక్క చూస్తే పోతుంది. గుంపుకి 24 మందితో చేసిన ప్రయోగంలో పి విలువ 0.05 కిందికి (ఫలితం వచ్చిందని ఒప్పుకోవడానికి అందరూ వాడే గీత అది) దిగాలంటే రెండు గుంపుల తేడా, కోహెన్ డి కొలతలో (తేడాని మనుషుల మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గులతో పోల్చి చెప్పే కొలత), కనీసం 0.58 దాకా రావాలి. అంతకంటే తక్కువ వస్తే "ఫలితం రాలేదు" అని పక్కన పెట్టేస్తారు. ఇప్పుడు నిజంగా ఉన్న తేడా 0.3 అనుకోండి, అంటే ఉంది కానీ చిన్నది. గుంపుకి 24 మందితో అలాంటిదాన్ని వెతికితే దాదాపు ఆరుసార్లలో ఒకసారి మాత్రమే ఆ గీత దాటుతుంది, దాటిన ఆ ఒక్కసారి పేపర్లో అచ్చయ్యే తేడా 0.58 కంటే తక్కువ ఉండటానికి వీల్లేదు, అంటే నిజానికి దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. ఇందులో ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. చిన్న గుంపు, గీత దాటినవాటినే అచ్చేసే అలవాటు, ఈ రెండూ కలిస్తే చాలు. మీ ప్రొఫెసర్ గారి పాత పేపర్ అలా పుట్టి ఉండొచ్చు, ఆయన ఎంత నిజాయితీగా చేసినా సరే. ఈ సంగతి మీకు ఎందుకు ముఖ్యమంటే, ఆయన్ని తప్పుబట్టకుండానే మీ ఫలితాన్ని సమర్థించుకునే దారి ఇందులో ఉంది.

అలాగే మీ సున్నాని కూడా ఉన్నదానికంటే పెద్దది చెయ్యకండి. గుంపుకి 90 మందితో వచ్చిన సున్నాకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (నిజమైన తేడా ఉండగల పరిధి) అటూ ఇటూ 0.29 దాకా ఉంటుంది. కాబట్టి పాత పేపర్లో ఉన్నంత పెద్ద తేడా ఇక్కడ లేదని మీరు ధైర్యంగా చెప్పొచ్చు, 0.2 లాంటి చిన్న తేడా అసలు లేనే లేదని మాత్రం చెప్పలేరు. 0.2ని 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గుంపుకి 390 మందికి పైగా కావాలి, ఏ పోస్ట్‌డాక్ కాంట్రాక్టూ అంత ఓపిక పట్టదు. పాతదాన్ని మళ్ళీ చేసేవాళ్ళు మొదటిసారి కంటే రెండున్నర రెట్ల మందిని తీసుకుంటే మంచిదని ప్రవర్తనా శాస్త్రవేత్త యూరీ సైమన్‌సన్ 2015లో లెక్క వేసి చూపించారు, మీ విషయంలో అది గుంపుకి 60. మీరు 90 తీసుకున్నారు, ఈ ఒక్క మాట మీ పేపర్లో పద్ధతుల భాగంలో ఉండాలి. దాంతోపాటు ఈక్వివలెన్స్ టెస్ట్ (తేడా ఫలానా కొలత కంటే పెద్దది కాదని చూపించే పరీక్ష) ఒకటి చెయ్యండి, సైకాలజిస్ట్ డేనియల్ లాకెన్స్ 2017లో దాని గురించి అందరికీ అర్థమయ్యేలా రాశారు, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ప్యాకేజీ కూడా ఉంది. "పి విలువ 0.05 కంటే ఎక్కువ వచ్చింది కాబట్టి తేడా లేదు" అని రాస్తే రివ్యూవర్లు (జర్నల్ తరఫున పేపర్‌ని పరిశీలించేవాళ్ళు) మొదటి పేజీలోనే ఆపేస్తారు, అది న్యాయమే. "ఇంత కంటే పెద్ద తేడా లేదు" అని చూపిస్తే వినక తప్పదు.

ఇక ఆ 0.03 సంగతి.

అందరితో ఒకసారి, కొందరిని తీసేసి ఒకసారి, మళ్ళీ ఆ రెండిట్లోనూ ఆడవాళ్ళు విడిగా, మగవాళ్ళు విడిగా, మొత్తం ఆరు చూపులు. ఆరుసార్లు చూస్తే ఎక్కడో ఒకచోట 0.05 కింద ఏదో కనబడటం వింతేమీ కాదు. 2011లో జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, సైమన్‌సన్ ముగ్గురూ కలిసి రాసిన పేపర్ మీరు చదివే ఉంటారు. మామూలుగా ల్యాబుల్లో అందరూ చేసే నాలుగు చిన్న వెసులుబాట్లు కలిస్తే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితం అవకాశం 60.7 శాతానికి ఎక్కుతుందని అందులో చూపించారు. ఒక పాట విన్నవాళ్ళ వయసు ఏడాదిన్నర తగ్గిందని "నిరూపించి" మరీ చూపించారు. ఆ నాలుగు వెసులుబాట్లలో ఒకటి, పాల్గొన్నవాళ్ళు ఆడా మగా అన్నది తర్వాత లెక్కలోకి తెచ్చుకోవడం. మీ ల్యాబ్‌లో జరిగింది సరిగ్గా అదే. ఇంకో మాట, ఆడవాళ్ళలో 0.03 వచ్చి మగవాళ్ళలో రాకపోతే ఆడామగా మధ్య తేడా ఉన్నట్టు కాదు. అది చెప్పాలంటే ఇంటరాక్షన్ పరీక్ష, అంటే ఆడవాళ్ళలో వచ్చిన తేడాని మగవాళ్ళలో వచ్చిన తేడాతో నేరుగా పోల్చే పరీక్ష, విడిగా చెయ్యాలి. చేశారా? ఉత్తరంలో రాయలేదు. చేస్తే అది గీత దాటకపోవచ్చని నా అనుమానం, ముందు అది చేసి చూడండి.

శ్రద్ధ పెట్టనివాళ్ళని తీసేయడం తప్పు కాదు, అందరం తీసేస్తాం. ఎవరిని తీసేయాలో డేటా చూడకముందు రాసుకున్నామా, చూశాక అనుకున్నామా అన్నదే ప్రశ్న. ముందు రాసుకుంటే అది నియమం. తర్వాత అనుకుంటే, మనకి తెలియకుండానే మనకి కావలసినవాళ్ళు మిగిలిపోతారు.

ఇది నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. నా పోస్ట్‌డాక్ రెండో ఏడు, ఈఈజీ ల్యాబ్‌లో (తల మీద నుంచి మెదడు విద్యుత్ సంకేతాలు కొలిచే చోట) పనిచేసేదాన్ని. తలలకి జెల్ పూయడం, కడగడం, కదలొద్దని బతిమాలడం, ఏడాదిన్నర అదే పని. ఫలితం గీతకి కొంచెం పైన ఆగింది. మా ప్రొఫెసర్ ఏమీ అనలేదు, నేనే ఒక రాత్రి కూర్చుని "ఈ ఐదుగురి సిగ్నల్ బాగాలేదు" అని తీసేశాను. నిజంగానే కొంచెం బాగాలేదు, అందుకే నాకు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. గీత దాటింది, పేపర్ వచ్చింది, దాంతో నాకు ఉద్యోగం కూడా దగ్గరపడింది. మూడేళ్ళ తర్వాత వేరే ల్యాబ్ నుంచి ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఎంతో మర్యాదగా మెయిల్ రాశాడు, నా ఫలితం మీద తన థీసిస్‌లో రెండో అధ్యాయం కట్టుకున్నానని, ఎన్నిసార్లు చేసినా రావడం లేదని, తను ఎక్కడ తప్పు చేస్తున్నాడో చెప్పమని. తప్పు తనదే అనుకున్నాడు. సరిగ్గా మీరు అనుకుంటున్నట్టే. డేటా మొత్తం పంపించి, ఆ ఐదుగురి సంగతి రాశాను, జర్నల్‌కి కూడా రాశాను. కానీ అతను దాని మీద పోగొట్టుకున్న కాలం తిరిగి ఇవ్వలేకపోయాను. మీరు ఈ 0.03ని పేపర్‌గా రాస్తే ఇంకెక్కడో ఇంకెవరో దాని మీద తమ కాంట్రాక్ట్ కాలం ఖర్చుపెడతారు, వాళ్ళు మీకు మెయిల్ రాసే దాకా మీకు తెలియదు కూడా. రాయొద్దు అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అది.

మీరు ఒంటరి అనుకోవద్దు. సైకాలజీలో అచ్చయిన 100 ప్రయోగాలని మళ్ళీ చేసి 2015లో ఫలితాలు ప్రకటించినప్పుడు, మొదటిసారి 97 శాతం గీత దాటినవి, రెండోసారి 36 శాతమే దాటాయి. 1998 నుంచి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన సిద్ధాంతం ఒకటుంది, మనోనిగ్రహం వాడేకొద్దీ అరిగిపోతుందని. 2016లో 23 ల్యాబులు, రెండు వేల మందికి పైగా మనుషులతో దాన్ని పరీక్షిస్తే తేడా 0.04 వచ్చింది. 1979లోనే సైకాలజిస్ట్ రాబర్ట్ రోసెంతాల్ ఫలితం రాని ప్రయోగాలన్నీ బీరువా అరల్లో ఉండిపోతాయని రాశారు, ఆ అరల్లో చాలా మంది పోస్ట్‌డాక్‌ల రెండేళ్ళు, మూడేళ్ళు ఉన్నాయి. ఎవరూ వాటిని అచ్చెయ్యకపోవడం వల్ల ప్రతి ఒక్కరూ తమకి మాత్రమే రాలేదని అనుకున్నారు.

ప్రొఫెసర్‌కి ఇది చెప్పడం ఎలా అన్నదే అసలు కష్టం, నాకు తెలుసు. మీ తర్వాతి ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం రాయాల్సింది ఆయనే. ఆయన చెడ్డమనిషి కాదని మీరే రాశారు, నేను నమ్ముతాను. ఆయన నేర్చుకున్న రోజుల్లో డేటాని అటూ ఇటూ తిప్పి చూడటం తెలివైన పని అని నేర్పేవాళ్ళు, "డేటా ఏం చెబుతోందో విను" అనేవాళ్ళు. కాబట్టి ఆయన ముందు తప్పు, మోసం, పి-హ్యాకింగ్ (పి విలువ గీత కిందికి వచ్చేదాకా డేటాని తిప్పి చూడటం) లాంటి మాటలు ఎత్తొద్దు, ఆ మాటలు వినగానే మనిషి తలుపు వేసేసుకుంటాడు. ఆయన 0.03ని నిజంగా నమ్ముతున్నారు కదా, మీరూ దాన్ని సీరియస్‌గా తీసుకోండి. "సార్, ఆడవాళ్ళలో మాత్రమే వస్తుందన్నది కొత్త ఊహ. దీన్ని ఇప్పుడే రాస్తే రివ్యూవర్లు ముందే ఎందుకు ఊహించలేదని అడుగుతారు. ఊహ, పద్ధతి ముందుగా రాసి రిజిస్టర్ చేసి కొత్త మనుషులతో ఒకసారి చేద్దాం. వస్తే మన పేపర్ చాలా గట్టిగా ఉంటుంది, రాకపోతే గ్రాంట్‌లో మిగిలిన డబ్బు దీని మీద పెట్టకుండా ఆగుతాం" అని చెప్పండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, నిజం కూడా ఇదే. గ్రాంట్ ఇచ్చినవాళ్ళకి ఆయనే జవాబు చెప్పుకోవాలి, నిలబడని ఫలితం మీద ఇంకో మూడేళ్ళు పెడితే ఎక్కువ నష్టపోయేది ఆయనే.

ఆయనకి ఒక ఉదాహరణ కూడా చెప్పొచ్చు, సమయం చూసి. ఛాతీ విరిచి నిలబడితే ధైర్యం పెరుగుతుందన్న 2010 పేపర్లో మొదటి రచయిత డేనా కార్నీ. ఆ ప్రయోగంలో 42 మంది. 2015లో వేరేవాళ్ళు 200 మందితో చేస్తే హార్మోన్లలో గానీ ప్రవర్తనలో గానీ ఆ మార్పు రాలేదు. 2016లో ఆవిడ ఆ ఫలితాన్ని ఇక నమ్మడం లేదని తనే బహిరంగంగా రాశారు, తమ ప్రయోగంలో ఎక్కడెక్కడ లోపాలున్నాయో కూడా చెప్పారు. ఆవిడ పేరు దాంతో తగ్గలేదు, నా దృష్టిలో చాలా పెరిగింది. పాత ఫలితాన్ని సొంత ల్యాబే సరిదిద్దుకుంటే అది ఆ ల్యాబ్‌కి గౌరవం, బయటివాళ్ళు వచ్చి సరిదిద్దితే అదే పరువు సమస్య అవుతుంది. మీ ప్రొఫెసర్‌కి మొదటి అవకాశం మీ డేటా రూపంలో చేతికొచ్చింది.

11 నెలలు ఎక్కువ కాదు, అలాగని ఏమీ చెయ్యలేనంత తక్కువా కాదు. ముందు మీ సున్నా ఫలితాన్ని రాసెయ్యండి. నాలుగు వేల పదాల చిన్న పేపర్ చాలు, ప్రయోగం అయిపోయింది, విశ్లేషణ అయిపోయింది, ఆరు వారాల్లో అవుతుంది. ఆ ఆరు చూపులూ అందులో పెట్టండి, 0.03తో సహా, డేటా చూశాక చేసినవని స్పష్టంగా రాసి. అప్పుడు మీ ప్రొఫెసర్ గారి ఊహ కూడా పేపర్లో ఉంటుంది, చదివేవాళ్ళు మోసపోరు. ఆయన ఒప్పుకోగానే సైకాలజీ పేపర్లు పెట్టే సైఆర్కైవ్ అనే సైట్‌లో ప్రిప్రింట్‌గా (రివ్యూకి ముందే అందరూ చదవగలిగే ప్రతిగా) పెట్టండి, జర్నల్ తేల్చేదాకా ఆగకుండా. ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు చూపించడానికి మీ పేరుతో ఒకటి ఉంటుంది. డేటా, కోడ్ ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో పెట్టండి, పాల్గొన్నవాళ్ళ అంగీకార పత్రంలో అందుకు చోటుందో లేదో ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతిలో చూసుకుని.

ఆడవాళ్ళతో మళ్ళీ చేసే ప్రయోగానికి రిజిస్టర్డ్ రిపోర్ట్ పద్ధతి చాలా బాగుంటుంది. 2013లో కార్టెక్స్ అనే జర్నల్‌లో మొదలై ఇప్పుడు వందల జర్నళ్ళకి పాకింది. ప్రయోగం చెయ్యకముందే ప్రశ్న, పద్ధతి రాసి పంపిస్తే వాటినే రివ్యూ చేసి, బాగుంటే ఫలితం ఎటు వచ్చినా అచ్చేస్తామని మాట ఇస్తారు. మామూలు పేపర్లలో మొదటి ఊహ 96 శాతం సార్లు నిజమవుతుంటే, ఈ పద్ధతిలో వచ్చిన పేపర్లలో 44 శాతమేనని 2021లో ఒక లెక్క వచ్చింది. సైకాలజీ నిజంగా ఎలా ఉంటుందో ఆ 44 చెబుతుంది. కాకపోతే మొదటి దశ రివ్యూకే కొన్ని నెలలు పోతాయి. మీకున్న సమయంలో, ఈ నెలలోనే ప్రొఫెసర్ ఒప్పుకుంటే తప్ప అందులోకి దిగొద్దు. ఆలస్యమైతే మామూలు ప్రీరిజిస్ట్రేషన్ (డేటా తీసుకోకముందే పద్ధతి రాసి తేదీతో నమోదు చెయ్యడం) చాలు, అది ఒక రోజు పని. మనుషుల్ని ఎప్పుడు పిలుస్తారో కూడా చూసుకోండి, విద్యార్థులతో చేసేట్టయితే సెమిస్టర్ చివర్లో వచ్చేవాళ్ళు కోర్సు క్రెడిట్ కోసం హడావుడిగా వస్తారు, మొదట్లో వచ్చేవాళ్ళలా ఉండరు.

ఇంకోటి, ఇది పోస్ట్‌డాక్‌లు చివరి ఆరు నెలల్లో గుర్తు తెచ్చుకుని బాధపడే విషయం. మీ సొంత ప్రశ్న ఏది? ఉత్తరం మొత్తంలో "ప్రొఫెసర్ పేపర్", "ప్రొఫెసర్ గ్రాంట్" అని ఉంది, మీకు ఏది తెలుసుకోవాలని ఉందో ఒక్కచోట కూడా లేదు. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ చేసేది ఆ ప్రశ్న తయారు చేసుకోవడానికే, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఇంటర్వ్యూలో అడిగేదీ అదే, "వచ్చే ఐదేళ్ళలో మీ ల్యాబ్ ఏం చేస్తుంది?" అని. వారంలో ఒక పూట, పొద్దున్నే, మెయిల్ తెరవకముందు, దానికి పెట్టండి. ల్యాబ్‌లో జూనియర్లకి కోడ్ సరిచేయడం, కంటి కదలికలు కొలిచే ఐ ట్రాకర్ పాడైతే చూడటం, ఎథిక్స్ ఫారాలు నింపడం, ఇవన్నీ మంచితనం కొద్దీ మీ నెత్తిన పడి ఉంటాయి, ఎప్పుడూ పోస్ట్‌డాక్ నెత్తినే పడతాయి. అవి చెయ్యొద్దనను. చేసినప్పుడు ఆ పేపర్లలో మీ పేరు ఉంటుందో లేదో పని మొదట్లోనే అడగండి. ఎవరు ఏం చేశారో 14 రకాల పాత్రలుగా రాసే క్రెడిట్ పద్ధతి చాలా జర్నళ్ళలో ఉంది, ఆ పట్టిక ముందే పెట్టుకుని మాట్లాడితే మొహమాటం తగ్గుతుంది. సొంత ఫెలోషిప్‌లకి గడువులు కూడా ఇప్పుడే చూసుకోండి. చాలావాటికి పీహెచ్‌డీ అయ్యి ఇన్నేళ్ళే అయ్యుండాలని, పోస్ట్‌డాక్ అనుభవం ఇంతకు మించకూడదని పరిమితులుంటాయి, ఆ గడియారం ఎప్పుడో మొదలైపోయింది.

ఒకవేళ ప్రొఫెసర్ ఏదీ ఒప్పుకోకుండా, 0.03నే ముందు నుంచీ అనుకున్న ఫలితంలా రాయాలని పట్టుబడితే? అప్పుడు రాయొద్దు. "నా పేరుతో ఇలా రాయలేను సార్, ఆరు విశ్లేషణలూ చూపిస్తే రాస్తాను" అని ఒకే ఒక్క వాక్యం చెప్పండి, గొంతు పెంచకుండా, వివరణలు ఇవ్వకుండా. పేపర్ మీద పేరున్న ప్రతి ఒక్కరూ దానికి బాధ్యులే, అది మీకు ఎంత బరువో అంతే రక్షణ కూడా. ఆ మాట తర్వాత ఒత్తిడి బెదిరింపుగా మారితే యూనివర్సిటీలో పరిశోధనా నైతికతని చూసే అధికారి ఉంటారు, కొన్నిచోట్ల అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు వినే తటస్థ అధికారి) ఉంటారు, అక్కడికి వెళ్ళండి. మొదటి అడుగుగా మాత్రం వెళ్ళొద్దు. ఇక్కడ ఇప్పటిదాకా జరిగింది ఒక పెద్దమనిషి పాత అలవాటు కొద్దీ ఇచ్చిన సలహా, దాన్ని దొంగతనం కింద చూస్తే ఆయనకీ మీకూ అన్యాయమే. సొంతంగా, ఆయనకి చెప్పకుండా డేటా అచ్చెయ్యడం కూడా వద్దు, ల్యాబ్ డేటా సాధారణంగా మీ ఒక్కరిది కాదు. మీ పీహెచ్‌డీ గైడ్, డిపార్ట్‌మెంట్‌లో మీ పని చూసిన ఇంకొకరు, ఇద్దరితో ఇప్పటి నుంచే మాటలు కలిపి ఉంచండి. సిఫారసు ఉత్తరం ఒక్క మనిషి చేతిలోనే ఉంటే ఎవరికైనా నోరు పెగలదు.

మానేసి వెళ్ళాలా అన్నదానికి నా దగ్గర ఒకటే షరతు. వెళ్ళొచ్చు, కానీ ఈ సున్నా వల్ల మాత్రం వెళ్ళొద్దు. మీకు ఈ పని మీద ఇష్టం పోయి వెళ్తే అది నిర్ణయం, చేతకాదని అనుకుని వెళ్తే అది తప్పుడు డేటా మీద తీసిన నిర్ధారణ. మనుషుల్ని ఎలా అడిగితే నిజం చెబుతారో తెలిసినవాళ్ళు, 180 మంది డేటాని నిజాయితీగా చదవగలవాళ్ళు ఆసుపత్రుల్లో, ప్రభుత్వ సర్వేల్లో, పరీక్షలు తయారుచేసే సంస్థల్లో, సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ మీద పరిశోధన చేసే కంపెనీల్లో కావాలి. అవి దిగువ మెట్లేమీ కావు. నా దగ్గర పోస్ట్‌డాక్ చేసిన ఇద్దరు అలా వెళ్ళారు, ఇద్దరూ ఇప్పటికీ నాకంటే మంచి ప్రయోగాలు చేస్తున్నారు. అటు వైపు వెళ్ళినవాళ్ళు ఒకరిద్దరితో ఈ నెలలోనే అరగంట మాట్లాడండి, వెళ్ళినా వెళ్ళకపోయినా. తలుపు ఒకటి తెరిచి ఉందని తెలిస్తే ప్రొఫెసర్‌తో మాట్లాడేటప్పుడు గొంతు వణకదు.

నిద్ర సంగతి. దీన్ని చివర్లో రాస్తున్నాను గానీ చిన్నదని కాదు. 2020లో నేచర్ పత్రిక 93 దేశాల్లో 7,600 మందికి పైగా పోస్ట్‌డాక్‌లని అడిగితే, పని వల్ల మనసు దెబ్బతిని పరిశోధన వదిలేద్దామా అనుకున్నామని సగం మంది చెప్పారు. సైకాలజీలో ఉన్నాం కదా, మన మనసు మనమే చూసుకోగలమని అందరూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం, అందుకే ఇంకా ఆలస్యం చేస్తాం. వారాల తరబడి నిద్ర పట్టకపోతే ఎవరైనా నిపుణుల్ని కలవండి. మీ డిపార్ట్‌మెంట్ క్లినిక్‌కి మాత్రం వెళ్ళొద్దు, రేపు సెమినార్‌లో పక్క కుర్చీలో కూర్చునేవాళ్ళ ముందు మనసు విప్పలేరు, వాళ్ళూ మిమ్మల్ని చూడకూడదు, వాళ్ళ వృత్తి నియమమే ఒప్పుకోదు. బయట ఎవరినైనా చూసుకోండి. యూనివర్సిటీ ఉద్యోగులకి బయటి కౌన్సెలింగ్ సదుపాయం ఉందేమో హెచ్ఆర్‌ని అడగండి, పోస్ట్‌డాక్‌లు విద్యార్థుల లెక్కలోకీ రాక, ఉద్యోగులమన్న సంగతీ మర్చిపోయి అడగరు.

ఈ వారం చెయ్యాల్సింది చిన్న పనే. డేటా మొదటిసారి తెరిచిన రోజు మీరు రాసిన విశ్లేషణ కోడ్ ఉంటుంది కదా, ఆడా మగా విడదీయకముందుది, దాన్ని తేదీతో సహా ఒకచోట మార్చకుండా భద్రపరచండి. ఇంటరాక్షన్ పరీక్ష, ఈక్వివలెన్స్ టెస్ట్ చేసి రెండు గ్రాఫులు వెయ్యండి. తర్వాత ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టండి, "ఫలితాల గురించి కూర్చుని మాట్లాడటానికి గంట టైమ్ కావాలి సార్" అని. వరండాలో నడుస్తూ పది నిమిషాల్లో ఈ మాట తేల్చుకోవద్దు, ఆయన రమ్మన్నా సరే, గంట అడగండి.